నాకు రాని కామెర్లు

మా గల్లీలో ఎవరినైనా అడగండి. ఆ వానాకాలం నేను కామెర్లతో నెలన్నర మంచం పట్టానని చెబుతారు. ఎన్నాళ్ళు ఉప్పు మానేశానో, ఎవరింటి నుంచి మజ్జిగ వచ్చేదో, నేల ఉసిరి నూరి పంపింది ఎవరో కూడా చెబుతారు. అన్నీ నిజమే, ఒక్క కామెర్లు తప్ప.

నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్‌లో, దాని యజమాని తమ్ముడు నా మీద అత్యాచారం చేశాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఏడాది పైన పట్టింది. ఇంతకుముందు నోటుపుస్తకంలో ‘ఆ సంఘటన’ అని రాసుకునేదాన్ని. సంఘటన అంటే బస్సు బోల్తా పడటం. ఇది ఒకడు తలుపు గడియ వేసి మరీ చేసిన పని.

నా పేరు రాయను. నాలాంటివాళ్ళ పేరు బయటపెట్టకూడదని చట్టమే అంటోంది, ఉన్న ఆ ఒక్క సౌకర్యాన్ని నేనెందుకు వదులుకోవాలి? అతని పేరూ రాయను, కేసు ఇంకా నడుస్తోంది. అతను బెయిలు మీద బయటే ఉన్నాడు. మెదక్‌లో ఉన్నవే నాలుగు రోడ్లు, అప్పుడప్పుడు ఎదురుపడుతూనే ఉంటాడు. నేనిప్పుడు ఇంకో చోట పనిచేస్తున్నాను. అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను. చెడ్డ రోజులు చాలావరకు గడిచాయి కాబట్టే కూర్చుని రాయగలుగుతున్నాను. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఇవాళ ఒక గదిలో తలుపేసుకుని ఉంటే, నేను చేసినన్ని తప్పులు చేయకుండా ఉంటారన్న ఆశ కూడా ఉంది.

మొదటి రోజు

బుధవారం. ల్యాబ్‌లో మధ్యాహ్నం మూడు దాటాక రద్దీ ఉండదు. ముందు గదిలో కూర్చునే అమ్మాయి ఆ రోజు రాలేదు. యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు, వారానికోసారి వచ్చి పోతాడు. మిగతా రోజులన్నీ తమ్ముడిదే పెత్తనం. ఆ తర్వాత జరిగింది ఇక్కడ చెప్పను. పోలీసులకు చెప్పాను, మేజిస్ట్రేటుకు చెప్పాను, చాలు.

ఆటోలో ఇంటికి వచ్చాను. గేటు గడియ వేసి, చెప్పులు వరసగా విడిచి లోపలికి పోయాను. అంత బుద్ధిగా చెప్పులెలా విడిచానా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

అమ్మ అంగన్‌వాడీలో ఆయా. అప్పుడే ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నా మొహం చూసి “ఏమైందే?” అంది. నాలుగు మాటల్లో చెప్పాను. అమ్మ అరవలేదు, ఏడవలేదు. తలుపేసి నీళ్ళు కాచింది. చిన్నప్పటిలా పీట మీద కూర్చోబెట్టి తల మీదుగా పోసి ఒళ్ళంతా తోమింది. నా బట్టలు తానే సర్ఫులో నానబెట్టి, ఉతికి, వెనక దండెం మీద ఆరేసింది.

ఆరేళ్ళుగా నా పని శాంపిళ్ళు తీసుకోవడం. “లేటైతే పనికిరాదమ్మా, ఎంబడే తేవాలె” అని వచ్చినవాళ్ళందరికీ నేనే చెప్పేదాన్ని. ఒళ్ళు కడుక్కోకూడదని, ఆ బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి దాచాలని నాకు తెలుసు. తెలిసి కూడా చేతులు ముడుచుకుని కూర్చున్నాను, ఇంకా నీళ్ళు పొయ్యమ్మా అన్నాను. అది అయ్యాక, ఇంకేం మిగల్లేదు, ఇప్పుడు ఎవరి దగ్గరికి పోయినా లాభం లేదని నాకు నేనే తేల్చేసుకున్నాను. స్నానం చేయడం ఎవరైనా చేసే పనే. దాంతో అంతా పోయిందనుకుని ఆగిపోవడమే నా తప్పు.

సాయంత్రం అన్న వచ్చాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద. బస్ డిపో దగ్గర బైకులు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. నాన్న పోయినప్పటి నుంచీ ఇంట్లో మగ మాట అన్నదే. గోడకు ఆనుకుని నిలబడి అమ్మ చెప్పింది విన్నాడు. నా వైపు చూడలేదు. చెయ్యి చాపి “ఫోనియ్యి” అన్నాడు.

నా ఫోన్ నుంచి ల్యాబ్ యజమానికి మెసేజ్ పెట్టాడు. సోమవారం నుంచి నాకు కామెర్లని, మూడు రోజులుగా డ్యూటీకి రావడం లేదని, ఇంకో నెల రాలేనని రాశాడు.

“సోమవారం ఏంది అన్నా? నేను ఇయ్యాల పోయిన గదా,” అన్నాను.

“నువ్వు ఇయ్యాల ఆడికి పోనే పోలే. మొన్నటి సంది ఇంట్లనే ఉన్నవ్. పోనే పోకుంటే ఏం గాలే. సమజైందా?”

“అన్నా…”

“ఏం గాలే అంటున్న గదనే!”

ఆ మాట అంటున్నప్పుడు వాడి గొంతు పిల్లాడి గొంతులా చీలిపోయింది. నాకు పట్టించుకునే ఓపిక లేదు. ఆ రోజును కొట్టేస్తే నాకు జరిగింది కూడా కొట్టుకుపోతుందని అన్న నిజంగానే నమ్మాడు. నిజం చెప్పొద్దూ, ఆ సాయంత్రం నాక్కూడా ఆ మాట హాయిగానే ఉంది.

రెండో రోజు నుంచి ఎనిమిదో రోజు దాకా

కామెర్లంటే మా దగ్గర ఒక పెద్ద తతంగం. ఉప్పు, నూనె, కారం బంద్. మజ్జిగన్నం, చెరుకు రసం, కొబ్బరినీళ్ళు. రోగి చీకటి గదిలో పడుకోవాలి. గల్లీ ఆడవాళ్ళంతా గ్లాసో గిన్నో పట్టుకుని రావాలి, తమ ఇంట్లో ఎవరికి వచ్చిందో, ఎంతలో తగ్గిందో చెప్పాలి. అబద్ధం ఆడినవాళ్ళం కాబట్టి తతంగమంతా మేం నిలబెట్టాల్సి వచ్చింది. ఎవరైనా వచ్చే అలికిడైతే అమ్మ పరుగెత్తుకొచ్చి నా మొహానికి పసుపు నీళ్ళు రాసేది. ఒకసారి ఎక్కువైపోయి పెళ్ళికూతురిలా ఉన్నానని ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వబోయాం. నవ్వు రాలేదు, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అందరికంటే ఎక్కువ వచ్చింది ఎదురింటి సత్తెమ్మత్త. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టుకుని మూడు మెట్లెక్కి రోజూ చెంబుతో మజ్జిగ తెచ్చేది. ఏమీ అడిగేది కాదు. తాగేదాకా మంచం పట్టె మీద కూర్చునేది. ఆమె మజ్జిగలో కొంచెం ఉప్పు తగిలేది. పెద్దావిడ, చేతి అలవాటు అనుకున్నాను. అమ్మ చప్పిడి కూడుతో నాలుక చచ్చిపోయి ఉన్నానేమో, ఆ చెంబు కోసం ఎదురుచూసేదాన్ని.

నిజమైన జబ్బు వేరే ఉంది. దానికి పథ్యం ఎవరికీ తెలియదు. తలుపు గడియ పడిన చప్పుడైతే ఊపిరి ఆడేది కాదు. సబ్బుతో ఎంత కడిగినా చేతులకు స్పిరిట్ వాసన వస్తున్నట్టే ఉండేది. కళ్ళు మూస్తే ఆ గది. తెరిస్తే అమ్మ మొహం. అమ్మ మొహం చూడటమే కష్టంగా ఉండేది. పాపం, నాకు ఏ మందు పెట్టాలో తెలియక కామెర్ల మందే శ్రద్ధగా పెడుతోంది. అమ్మ మీద కోపం లేదని అందరితో చెబుతాను. ఉండేది. బట్టలు ఉతికినందుకు, పసుపు రాసినందుకు, “ఎవలికి చెప్పకు బిడ్డా” అని చెవిలో అన్నందుకు. రాత్రంతా నా కాళ్ళ దగ్గరే కూర్చునే మనిషి మీద కోపం పెట్టుకోవడం ఎంత అలసటో నాకు తెలుసు.

తొమ్మిదో రోజు

వారం దాటినా తగ్గలేదంటే గల్లీ ఊరుకోదు. చేగుంట అవతల ఒక ఊళ్ళో ముసలమ్మ గురువారం గురువారం పసరు పోస్తుందని, దాంతో తగ్గని కామెర్లు లేవని సత్తెమ్మత్తే చెప్పింది. మోకాళ్ళ వల్ల తాను రాలేనని, అడగాల్సిన ఇంటి గుర్తులు అమ్మకు పూసగుచ్చినట్టు చెప్పి పంపింది. పోకపోతే అనుమానం వస్తుంది. అలా, లేని రోగానికి పసరు తాగడానికి, పొద్దున్నే పరగడుపున మొదటి బస్సెక్కాం.

ముసలమ్మ ఇంటి ముందు అప్పటికే పదిహేను మంది ఉన్నారు. అందరి కళ్ళూ పచ్చగా ఉన్నాయి, గోళ్ళు కూడా. నేనొక్కదాన్నే దొంగ రోగిని. ఆరేళ్ళు జనం నా ముందు వరసలో కూర్చుని చెయ్యి చాపేవారు, “భయపడకండి, చీమ కుట్టినట్టుంటుంది” అని నేను చెప్పేదాన్ని. ఆ వరసలో కూర్చోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. మన వంతు వచ్చేలోపల లేచి పారిపోవాలని ఉంటుంది, లేచే శక్తి ఉండదు.

నా వంతు వచ్చింది. ముసలమ్మ బొటనవేలితో నా కింది రెప్ప లాగి చూసింది. రెండో కన్ను చూసింది. పసుపు రాసిన నా చెంప మీద వేలు రుద్ది ఆ వేలు చూసుకుంది. తర్వాత నా మణికట్టు పట్టుకుంది. అతను పట్టిన చోట నల్లటి కమిలిన గుర్తు ఇంకా పోలేదు. నేను చెయ్యి గుంజుకున్నాను. ఆమె అమ్మను దగ్గరకు రమ్మని, వెనకవాళ్ళకు వినపడకుండా అంది:

“దీనికి కామెర్లు లెవ్వు. ఎవడో చెయ్యేసిండు దీని మీద. పసరుతోని పోదిది. దవాఖానకు తీస్కపో.”

ముసలమ్మ అమ్మ భుజం తట్టి, పక్కనున్న ముంతలో నుంచి ఆకు దొప్పలో ఉత్త మేకపాలు పోసి నా చేతికిచ్చింది. “తాగు బిడ్డా. అందరు చూస్తున్నరు, గుటుక్కున తాగు,” అంది. వరసలో ఉన్నవాళ్ళకు నేను పసరు తాగినట్టే కనిపించింది. ఎవరో ఒకావిడ “చేదుంటది, ఓర్చుకో” అని ధైర్యం చెప్పింది. ఆ పాలు తాగుతుంటే, తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి నాకు ఏడుపు వచ్చింది.

మెదక్ బస్టాండ్‌లో దిగాక ఆటో అతను మా గల్లీ పేరు చెప్పి ఎక్కమన్నాడు. అమ్మ “కాదు, పెద్ద దవాఖానకు పో” అంది.

అదే రోజు, మధ్యాహ్నం

పోలీసు కాగితం లేకుండా డాక్టర్లు ముట్టుకోరని అన్న చెప్పి ఉన్నాడు. వాడికి షెడ్డులో ఎవరో చెప్పారట. అది అబద్ధం. ప్రభుత్వ ఆసుపత్రి గానీ ప్రైవేటు గానీ ముందు వైద్యం చేయాల్సిందే, దానికి ఫీజు తీసుకోకూడదు. చిట్టీ రాసే కిటికీ దగ్గర “ఏం కష్టం?” అని అడిగితే అమ్మ అలవాటుగా “కామెర్లు” అనబోయింది. నేను అడ్డుపడి “లేడీ డాక్టర్‌తోనే చెప్తం” అన్నాను. ఆ కిటికీలో మనిషి నా మొహం ఒక్క క్షణం చూసి, ఇంకేం అడక్కుండా ఒక నర్సును పిలిచి పంపించాడు.

డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. తలుపు దగ్గరగా వేసి, గడియ మాత్రం వేయలేదు. “గడియ ఎయ్యనా, గిట్లనే ఉండాల్నా?” అని నన్నే అడిగింది. పరీక్ష చేసే ప్రతిసారీ ముందు చెప్పింది, నేను సరేనన్నాకే చేసింది. వద్దంటే ఆగింది. నేను గల్లీలో విన్న అసహ్యకరమైన రెండు వేళ్ళ పరీక్ష ఇప్పుడు చేయకూడదని, చేస్తామంటే ఒప్పుకోవద్దని కూడా చెప్పింది. ఒక్కచోట మాత్రం ఆమె గొంతు తగ్గింది.

“మూడు దినాల లోపల ఒచ్చుంటే కొన్ని గోలీలు ఇస్తుంటిమి. రోగాలు రాకుండ, కడుపు రాకుండ. ఇప్పుడు పరీక్షలు చేసి చూసుడే. మూడు నెలలకు మల్ల ఒకసారి చెయ్యాలె.”

మూడు రోజులు. అప్పుడు నేను పసుపు మొహంతో చెరుకు రసం తాగుతున్నాను. ఈ మొత్తంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. కేసు పెట్టాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఆసుపత్రికి మాత్రం ముందు పోవాలి. ఆసుపత్రి వాళ్ళు పోలీసులకు కబురు చేస్తారు, కానీ నేను ఇప్పుడే ఏమీ చెప్పలేనంటే ఆ మాటను కూడా రాసుకుంటారు.

రక్తం తీసే గదిలో నాతో పాటు కోర్సు చదివిన అమ్మాయి ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. చీటీ చదివింది. గదిలో ఉన్న ఇంకొకరిని చాయ్ తెమ్మని పంపేసి, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, “నీ నరం నాకెరుకనే. ప్రాక్టికల్స్‌ల నీ మీదనే నేర్చుకున్న గద,” అంది. ఒక్క పోటుతో తీసింది. ట్యూబు మీద నా పేరు బదులు నంబరు మాత్రమే రాసింది. కడుపు నిలవలేదని సాయంత్రానికి చెప్పింది కూడా తనే. మిగతావాటి కోసం మూడు నెలలు ఎదురుచూశాను, అవీ లేవు. ఆ మూడు నెలలు నేను ఒకరి గ్లాసులో నీళ్ళు తాగలేదు, నా గ్లాసు ఒకరిని ముట్టుకోనివ్వలేదు. గ్లాసుతో ఏమీ అంటదని తెలిసిన దాన్నే.

ఆసుపత్రి ఆవరణలోనే ఆడవాళ్ళ కోసం ఒక సహాయ కేంద్రం ఉంది. జిల్లాకొకటి ఉంటుందట. ఆరేళ్ళు ఆ దారిలోనే తిరిగిన నాకు తెలియదు. అక్కడి కౌన్సిలర్ మేడం, నలభై దాటిన మనిషి, నన్ను కూర్చోబెట్టి మొదటి ప్రశ్న “తిన్నవా?” అని అడిగింది. ఉప్పేసిన ఉప్మా పెట్టించింది. వకీలు కావాలంటే ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుందని, ఫిర్యాదు ఏ ఠాణాలో ఇచ్చినా రాసుకోవాల్సిందేనని, నేను ఠాణాకే పోనక్కర్లేదని, మహిళా అధికారి ఇక్కడికే వచ్చి రాసుకుంటుందని చెప్పింది. “నీ తప్పేం లేదు” అని కూడా చెప్పింది. డాక్టరమ్మా అదే చెప్పింది. తలూపాను. నమ్మలేదు. ఆ రోజు అతను టీ అడిగితే తెచ్చిచ్చింది నేనే కదా, నవ్వుతూ మాట్లాడింది నేనే కదా అని నా లోపల నుంచి ఎవరో జవాబు చెబుతూనే ఉండేవారు.

పద్నాలుగో రోజు

నాలుగు రోజులు ఊగిసలాడాను. అన్న దవాఖాన సంగతి తెలిసి ఇంట్లో అన్నం మానేశాడు. “కేసంటే తెలుసా? పేపర్ల ఒస్తది, గల్లీ గల్లీ తెలుస్తది, అమ్మ రేపు అంగన్‌వాడీకి ఎట్ల పోతది?” అని అమ్మ మీద అరిచేవాడు. నాతో మాట్లాడేవాడే కాదు. నేను గదిలోకి వస్తే వాడు బయటికి పోయేవాడు. నా మీద అసహ్యం పుట్టిందనుకున్నాను.

మంగళవారం పొద్దున సత్తెమ్మత్త మజ్జిగ తెచ్చి, మాటల్లో మాటగా అంది, “నీ జాగల కొత్త పిల్లను పెట్టుకున్నరంటనే. నర్సాపూర్ కెల్లి బస్సుల ఒస్తదంట. చిన్న పిల్ల.”

చెంబు పక్కన పెట్టి లేచాను. మొహం కడుక్కున్నాను, ఈసారి పసుపు వదిలేదాకా. అమ్మ అడగలేదు, చెప్పులు వేసుకుని వెంట వచ్చింది.

సహాయ కేంద్రానికి ఎస్‌ఐ మేడం మామూలు బట్టల్లో వచ్చింది. రెండు వారాలు ఆలస్యమైంది కదా, తీసుకోరేమో అన్నాను. “ఎప్పుడొచ్చినా తీస్కుంటం. ఎందుకు లేటైందో గది గూడ చెప్పు, రాస్త,” అంది. అక్కడే నేను రెండో పెద్ద తప్పు చేశాను. భయపడి రాలేదని మాత్రమే చెప్పాను. కామెర్ల సంగతి చెప్పలేదు. మెసేజ్ సంగతి అసలే చెప్పలేదు. అన్న పేరు ఎందుకు లాగాలనుకున్నాను. ఆమె అంతా చదివి వినిపించింది, నకలు ఒకటి ఉచితంగా ఇచ్చింది. తర్వాత రోజు మేజిస్ట్రేటు ముందు, తలుపులు మూసిన గదిలో, అదే చెప్పాను. ఆమె కూడా ఆడమనిషే. నేను ఆగిపోయినప్పుడల్లా నీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

అతన్ని పట్టుకున్నారు. నర్సాపూర్ అమ్మాయి ఆ వారమే పని మానేసిందని తెలిసింది. ఆ రోజు నాలుగు గంటలు వరసగా నిద్రపోయాను.

ముప్పై ఎనిమిదో రోజు

కౌన్సిలర్ మేడం దగ్గరికి వారానికి రెండుసార్లు పోతున్నాను. గడియ చప్పుడుకు ఊపిరి ఆగడం తగ్గింది. గల్లీకి మాత్రం నేనింకా కామెర్ల రోగినే, పేపర్లో పేరు రాలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. అతని తరఫు పెద్దమనుషులు రెండుసార్లు అన్న షెడ్డుకు వచ్చి “మాట్లాడుకుందాం” అని పోయారు.

శుక్రవారం ఎస్‌ఐ మేడం ఫోన్ చేసింది. అతనికి బెయిలు వచ్చింది.

“వాళ్ళ వకీలు ఒక మెసేజ్ చూపెట్టిండు. సోమవారం సంది కామెర్లు, మూడు దినాలు డ్యూటీకి రాలేదని నీ ఫోన్ నుంచే పోయింది. ల్యాబ్ రిజిస్టర్ల గూడ నీకు లీవ్ ఏసుంది. నువ్వు ఆ దినం ఆడ లేనే లెవ్వు అంటున్నరు. గల్లీల అడిగితే కామెర్లే అంటరంట. ఏందమ్మా ఇది? నాకెందుకు చెప్పలే?”

కామెర్లు నా అబద్ధం కాబట్టి, అతను చేసింది కూడా నా అబద్ధమే అయిపోతోంది. అతని పెత్తనంలోని రిజిస్టర్‌లో ఏమైనా రాసుకుంటారు, కానీ మెసేజ్ మా ఇంటి నుంచి పోయింది. ఆ రోజు నేను తీసిన రక్తాల రిపోర్టుల మీద కూడా అతని సంతకమే ఉంటుంది, నాది ఉండదు. మెసేజ్ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో పెట్టినవాళ్ళే వచ్చి చెప్పకపోతే కేసు నిలబడటం కష్టమని మేడం దాచకుండా చెప్పింది.

ఆ బుధవారం పొద్దున నన్ను తన బండి మీద ల్యాబ్ దగ్గర దింపింది అన్నే. వాడు ఒక్క మాట చెబితే చాలు. అన్నం ముందు కూర్చున్నప్పుడు అడిగాను.

“నేను చెప్పలేను,” అన్నాడు.

“ఎందుకు?”

“చెప్పలేనంటే చెప్పలేను. నన్ను అడగకు.” కంచం నెట్టేసి లేచిపోయాడు. అమ్మ వెనకే పోయి బతిమాలింది, తిట్టింది. షెడ్డు పోతుందని భయమేమో అంది అమ్మ. నాకు అలా అనిపించలేదు, నన్ను నమ్మడం లేదేమో అనిపించింది. ఈ మొత్తం జబ్బులో నేను అడుగుకు పోయింది ఆ మూడు రోజులే. కౌన్సిలర్ మేడం రోజూ ఫోన్ చేసి పావుగంట మాట్లాడించింది. ఆమె లేకపోతే ఏం చేసుకునేదాన్నో నాకు తెలియదు. అలాంటి ఆలోచన వచ్చినవాళ్ళు, ఏ వేళైనా సరే, ఎవరో ఒకరికి ఫోన్ చేయండి. సహాయ కేంద్రం వాళ్ళు విసుక్కోరు.

అన్న రాకపోయినా గల్లీకి నేనే చెప్పాలనుకున్నాను. పోలీసులు వచ్చి అడిగేలోపల సత్తెమ్మత్త గడప ఎక్కాను. ఆమె చింతపండు గింజలు తీస్తోంది. మా ఇంటి బయట, జీతం తీసుకుని వినాల్సిన పనిలేని మనిషికి ఈ సంగతి చెప్పడం అదే మొదటిసారి. చెప్పాను. గింజలు తీసే చెయ్యి ఆగింది.

“నీ కండ్లు ఎన్నడు పచ్చగ గాలే,” అంది. “నేను చూడలేదా? కామెర్లు లేని పిల్లకు చప్పిడి కూడు ఎందుకని జెరంత ఉప్పేసి తెచ్చిన. గా ముసలామె కాడికి ఎందుకు తోలిచ్చిన మరి? అది రెప్ప గుంజితే అన్నీ తెలుస్తయ్, మీ అమ్మ దాని మాటన్న ఇంటదని. నాతోని చెప్పబుద్ధి గాకపాయె మీకు.” తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంది. “ఠాణాకు పోదాం పా. నేను చెప్త.”

నలభై ఒకటో రోజు

ఠాణాకు పోనక్కర్లేకుండా పోయింది, ఎస్‌ఐ మేడమే మా ఇంటికి వచ్చింది. సత్తెమ్మత్త కుర్చీలో కూర్చుని, నాకు ఏ రోజూ కామెర్లు లేవని, తనకు ఎందుకు అనుమానం వచ్చిందో చెప్పింది. అమ్మ, నీళ్ళు పోసింది, బట్టలు ఉతికింది, పసుపు రాసింది అన్నీ చెప్పింది. మెసేజ్ ఎవరు పెట్టారన్నప్పుడు మాత్రం ఆగిపోయి నా వైపు చూసింది.

అన్న గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. చేతులకు గ్రీసు అలాగే ఉంది.

“నేనే పెట్టిన,” అన్నాడు.

మేడం కూర్చోమంది. కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“ఆ దినం నా చెల్లె డ్యూటీకి పోయింది. నేనే దించిన. తొమ్మిదిన్నరకు.”

“మల్ల రాలేదని ఎందుకు పెట్టినవ్?”

అన్న అరచేతిలోని గ్రీసును రెండో చేతి బొటనవేలితో గీకుతూ ఉన్నాడు.

“మూడింటికి ఫోన్ చేసింది మేడం. అన్నా, ఇయ్యాల రిసెప్షన్ పిల్ల రాలే, నేనొక్కదాన్నే ఉన్న, జెర జల్ది ఒచ్చి తీస్కపో అన్నది. ఒక బండి ఇంజిన్ ఇప్పిపెట్టుకోని ఉన్న. లొల్లి పెట్టకు, ఆటోల రా అన్న. అని ఫోన్ పెట్టేసిన.” వాడి గొంతు మళ్ళీ ఆ మొదటి సాయంత్రంలా చీలిపోయింది. “నేను పోతే గాకపోవు. పది నిమిషాల తొవ్వ. అది ఆడికి పోనే పోలేదంటే… నాకు ఫోన్ గూడ రానట్టే గద మేడం.”

ఆ ఫోన్ సంగతి నాకు గుర్తే లేదు. ఆ మధ్యాహ్నంలోంచి చాలా ముక్కలు ఎటో పోయాయి, అందులో అదొకటి. నలభై రోజులు వాడు నా మొహం ఎందుకు చూడలేదో అప్పుడు అర్థమైంది. లేచి వెళ్ళి వాడి గ్రీసు చేతులు పట్టుకున్నాను.

“నీ తప్పేం లేదన్నా. నువ్వు బండి పని చేసుకుంటున్నవ్. చేసింది వాడు. నీ తప్పేం లేదు.”

డాక్టరమ్మ, కౌన్సిలర్ మేడం నాకు చెప్పిన మాటే అది. అన్నకు చెబుతుండగా నా నోటి నుంచి నా చెవులకు వినపడి, అప్పుడు నమ్మాను. ఇద్దరం ఏడ్చాం. అమ్మ మా ఇద్దరి తలల మీద చెయ్యి పెట్టి నిలబడింది.

మేడం తొందరపెట్టలేదు. ఆ ఫోన్ వివరాలు కంపెనీ నుంచి తెప్పిస్తానంది. మేం సర్దుకున్నాక, రాసిన కాగితం ఎత్తి పట్టుకుని, తప్పులుంటే చెప్పమని, నెమ్మదిగా చదివి వినిపించింది:

“ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నర గంటలకు నా చెల్లెలిని నేనే ల్యాబ్ వద్ద దింపినాను. ఆమె ఆ రోజు అక్కడే ఉన్నది.”